టి.సి.లో రాయని సంగతి

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో జరిగే పనులు మీకు మేము చెప్పనక్కర్లేదు. గ్యాస్ కనెక్షన్ అప్పజెప్పాలి, అట్టపెట్టెలు తేవాలి, క్వార్టర్ ఖాళీ చేయాలి, బడికి వెళ్ళి టి.సి. తీసుకోవాలి. ఆ టి.సి.లో మీ పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతి, సబ్జెక్టులు, ఫీజు బాకీ లేదన్న మాట, చివర్లో ప్రవర్తన 'మంచిది' అన్న మాట ఉంటాయి. కొత్త బడిలో మీ గురించి మా చేతికి అందేది చాలాసార్లు ఆ ఒక్క కాగితమే. పాఠం పైకి చదవమంటే ఫలానా అమ్మాయికి చేతులెందుకు వణుకుతాయో, ఫలానా అబ్బాయి రెండో పీరియడ్ కాకముందే నాలుగుసార్లు ఎందుకు లేస్తాడో అందులో ఉండదు. పాత టీచర్లు మూడేళ్ళు గమనించినదంతా పాత ఊళ్ళోనే ఉండిపోతుంది. ఇక్కడ మళ్ళీ మొదటి నుంచి మొదలు.

ఈ పాఠం ఆ రాయని సంగతి గురించే. పిల్లల ఎదుగుదలలో, ప్రవర్తనలో వచ్చే కొన్ని ఇబ్బందులేమిటి, వాటిని ఎలా గుర్తిస్తారు, చికిత్స ఏమిటి, ఊళ్ళు మారే మన కుటుంబాల్లో అవి ఎందుకు ఆలస్యంగా బయటపడతాయి అన్నది చూద్దాం. మీలో కొందరికి ఇది మీ సంగతే కావచ్చు. కొందరికి తమ్ముడిదో చెల్లెలిదో. మిగిలినవాళ్ళకు బెంచీలో పక్కవాళ్ళది.

కొత్త ఊరి బెంగ

కొత్త చోట మొదటి రోజుల్లో ఎవరికైనా తేడా చేస్తుంది. నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది, పాత స్నేహితుల ఫోటోలు చూస్తే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, మార్కులు ఒక మెట్టు దిగుతాయి. ఇది జబ్బు కాదు. మడిలో నాటిన నారు కొన్నాళ్ళు వాడి, తర్వాత వేరు పట్టడం లాంటిది.

కొందరికి ఆ వాడిపోవడం ఎక్కువగా ఉంటుంది. రోజూ పొద్దున్నే కడుపునొప్పి, బడికి పోనని మొండికేయడం, అంతవరకూ నెమ్మదస్తుడైన పిల్లవాడు నలుగురి మీదా చేయి చేసుకోవడం. వైద్యులు దీన్ని ఎడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ అంటారు, అంటే మార్పుకు సర్దుకోలేకపోవడం. వాళ్ళ లెక్క ప్రకారం ఇది మార్పు వచ్చిన మూడు నెలల లోపు మొదలవుతుంది. ఆ మార్పు తెచ్చిన ఒత్తిడి తీరిపోయాక ఆరు నెలలకు మించి సాగదు. కౌన్సెలర్‌తో నాలుగు మాటలు, ఇంట్లో వేళకు తిండి, వేళకు నిద్ర, ఒక కొత్త స్నేహం ఉంటే చాలామంది తేరుకుంటారు.

మౌనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల బడిలో నోరు విప్పకపోవడాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అయితే కొత్త బడిలో మొదటి నెలను వైద్యులు లెక్కలోకి తీసుకోరు. భాష రాక మాట్లాడకపోవడాన్ని కూడా ఇందులో కలపరు. గుంటూరు నుంచి జోధ్‌పూర్ వచ్చి, హిందీ రాక ఊరుకున్న పిల్ల వేరు. హిందీ వచ్చాక కూడా, నెలలు గడిచాక కూడా, క్లాసులో గొంతు పెగలని పిల్ల వేరు. రెండో పిల్లను పట్టి ఆపుతున్నది భయం. దాన్ని పొగరు అనుకుని అందరి ముందూ నిలబెట్టి మాట్లాడించబోతే ఆ భయం రెట్టింపవుతుంది. చికిత్స మెట్లు మెట్లుగా సాగుతుంది. ముందు ఖాళీ గదిలో ఒక్క స్నేహితురాలితో, తర్వాత ఇద్దరితో, ఆ తర్వాత ఒక టీచరు తలుపు దగ్గర ఉండగా, ఇలా.

చూశారా, వీటన్నిటికీ కొలత కాలమే. ఎన్నాళ్ళుగా ఉంది అన్నది తెలిస్తే గానీ ఏది బెంగ, ఏది బెంగ కాదు అన్నది తేలదు. మన ఇళ్ళలో చిక్కు అక్కడే వస్తుంది. ఒకటో తరగతిలో 'కొత్త కదా, సర్దుకుంటాడు' అన్నారు. మూడో తరగతికి ఊరు మారింది, అక్కడా 'కొత్త కదా' అన్నారు. ఆరో తరగతిలోనూ అదే మాట. ప్రతి బడికీ పిల్లవాడు కొత్తే. వాడి ఇబ్బంది మాత్రం ఆరేళ్ళ పాతది.

ఊరు మారినా మారనివి

ఆరేళ్ళ పాతది అన్నాం కదా, ఆ రకం ఇబ్బందులు బదిలీల వల్ల వచ్చేవి కావు. మెదడు ఎదిగే తొలి దశల్లోనే మొదలై పిల్లలతో పాటే ప్రయాణం చేస్తాయి. ఆటిజం, ఎ.డి.హెచ్.డి., డిస్లెక్సియా, మాటలు ఆలస్యంగా రావడం, బుద్ధి వికాసం నెమ్మదించడం ఇందులోవి. పెంపకం సరిగ్గా లేకో, గారాబం ఎక్కువయ్యో రావు. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి చదువు ఇబ్బందులు అలా పట్టికలోకి ఎక్కాయి. ఎ.డి.హెచ్.డి. పేరు విడిగా లేదు. ఉండవలసింది అని మా అభిప్రాయం.

ఏ పేరు పెట్టడానికైనా ముందు చేయవలసిన పని ఒకటుంది. కళ్ళు, చెవులు పరీక్ష చేయించాలి. సగం వినబడని పిల్లవాడు వినని పిల్లవాడిలాగే కనిపిస్తాడు.

1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు ఒక వైద్య పత్రికలో పెర్సీ అనే 14 ఏళ్ళ అబ్బాయి గురించి రాశాడు. తెలివైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, అంకెలు తడుముకోకుండా చదువుతాడు. మాటలు మాత్రం చదవలేడు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి 'ప్రెసీ' అని రాశాడు. చదువంతా నోటిమాటగా సాగితే బడిలో వీడే అందరికన్నా చురుకైనవాడు అని వాడి టీచరు అనుకున్నాడట. దీన్నే ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నాం. మాటలోని ధ్వనులను విడదీసి, ఏ ధ్వనికి ఏ అక్షరమో వెంటనే జత చేయడంలో వచ్చే ఇబ్బంది అది. తెలివితక్కువతనానికి, దీనికి సంబంధం లేదు.

తెలుగు టీచర్లుగా మేము ఇక్కడ కాస్త ఆగాలి. ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. కాబట్టి ఈ ఇబ్బంది ఉన్న పిల్లలు మాటనే తప్పు చదువుతారు. తెలుగు దాదాపు రాసినట్టే పలుకుతుంది. అందుకని తెలుగులో డిస్లెక్సియా వేషం మార్చుకుంటుంది. పిల్లవాడు చాలావరకు సరిగ్గానే చదువుతాడు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాడు. ఒత్తు జారి 'పద్మం' 'పదం' అవుతుంది. దీర్ఘం ఎగిరిపోయి 'పాలు' 'పలు' అవుతుంది. ప, వ, మ, ష ఒకదాని చోట ఒకటి వస్తాయి. ఇవి నేర్చుకునే రోజుల్లో అందరూ చేసే తప్పులే, మన లిపిలో గుణింతాలూ ఒత్తులూ అన్నీ పట్టుబడడానికి మూడు నాలుగు తరగతులు పడుతుంది. ఒకటో తరగతిలో కంగారు పడనక్కర్లేదు. అయిదు దాటినా అవే తప్పులు, అదే నత్తనడక ఉంటే ఊరుకోకూడదు.

ఊళ్ళు మారే పిల్లలకు ఇంకో మడత ఉంది. మాటవరసకు ఒక అబ్బాయి విశాఖలో ఒకటి, రెండు చదివి తెలుగు అక్షరాలు నేర్చాడనుకోండి. తర్వాత ఖరగ్‌పూర్‌లో వీధి బోర్డులన్నీ బెంగాలీ, బడిలో హిందీ, ఇంగ్లీషు. ఆరుకు అంబాలా వచ్చాడు, బజారులో అక్కడక్కడా గురుముఖి, బడిలో కొత్తగా సంస్కృతం. ఇప్పుడు వాడు తడబడితే లిపి కొత్తనా, చదవడమే కష్టమా? తేల్చడానికి ఒక గుర్తు ఉంది. కొత్త లిపిలోనే తడబడుతూ, బాగా నేర్చిన లిపిలో గడగడా చదివితే అది అభ్యాసం చాలకపోవడం. రోజూ మాట్లాడే భాషలో, సరిగ్గా నేర్పిన లిపిలో కూడా అలాగే ఈడుస్తుంటే పరీక్ష చేయించాలి. అందుకే ఒక్క ఇంగ్లీషు పేరా చదివించి ఏ మాటా అనకూడదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఈ అవసరం కోసమే 'డాలి' అనే పరీక్షను తయారుచేసింది. మొదట అది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్ వారి పరీక్ష కూడా వాడుకలో ఉంది.

చికిత్స మాటకొస్తే, డిస్లెక్సియాకు మందు లేదు. టానిక్కు అనీ, కంటి వ్యాయామం అనీ ఎవరైనా అమ్మజూపితే నాన్నగారి జేబు జాగ్రత్త. పనిచేసేది ఓపికగా నేర్పడమే. 'కమల'లో 'క' తీసేస్తే ఏం మిగిలింది లాంటి ధ్వనుల ఆటలు, అక్షరాన్ని పలుకుతూ ఇసుకలో వేలితో దిద్దడం, రోజూ కొంచెం కొంచెం. కళ్ళు, చెవులు, వేళ్ళు మూడింటినీ కలిపే ఈ పద్ధతిని 1930లలో అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరు, గిల్లింగ్‌హామ్ అనే టీచరమ్మ కలిసి ఒక క్రమంలో పెట్టారు. మన పల్లె బడుల్లో ఇసుక మీద దిద్దించిన పెద్దలు ఆ పేర్లు విని ఉండరు గానీ, పనిలో ఒక భాగం వాళ్ళకూ తెలుసు.

సి.బి.ఎస్.ఇ. పరీక్షల్లో ఇలాంటి పిల్లలకు మూడు గంటల పేపరుకు ఇంకో గంట ఇస్తారు, కావాలంటే రాసిపెట్టే మనిషినీ ఇస్తారు. 'వాడికి గంట ఎక్కువెందుకు' అని మీలో కొందరు గొణగడం మేము వింటూనే ఉంటాం. ఆ గంట మార్కులు వేయదు. మీరు అయిదు నిమిషాల్లో చదివిన ప్రశ్నపత్రాన్ని వాడు అరగంట చదవడానికి పనికొస్తుంది.

అవధానం

ఎ.డి.హెచ్.డి.ని తెలుగులో అవధాన లోపం, అతి చురుకుదనం అంటున్నారు. అవధానం అనగానే మనకు అష్టావధానం గుర్తుకు రావాలి. ఊళ్ళు తిరుగుతూ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాం. వేదిక మీద ఒక కవి, ఎదురుగా ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడవద్దంటారు, ఒకరు మధ్యమధ్య గంట కొడతారు, ఎన్నిసార్లు కొట్టారో లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి అని ఒకాయన ఉంటాడు. ఆయన పనల్లా పనికిరాని ప్రశ్నలతో అవధాని ధ్యాస చెదరగొట్టడమే. సభలో ఆయన ఒక్కడే. ఎ.డి.హెచ్.డి. ఉన్న పిల్లవాడి తలలో ఆ ప్రసంగి పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు. కిటికీ అవతల స్కూటరు చప్పుడు, వెనక బెంచీ దగ్గు, చొక్కా కాలరు గుచ్చుకోవడం, అన్నీ పాఠంతో సమానంగా పిలుస్తుంటాయి. వాడికి ధ్యాస లేక కాదు, దాన్ని ఒకచోట పట్టి ఉంచే పగ్గం సరిగ్గా బిగియక.

అల్లరి చేసే ప్రతివాడికీ ఈ పేరు తగిలించకూడదు. దీన్ని నిర్ధారించడానికి వైద్యులు పెట్టుకున్న షరతులు గట్టివే. లక్షణాలు కనీసం ఆరు నెలలుగా ఉండాలి. కొన్నయినా 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. ఒక్క బడిలోనే కాక ఇంట్లోనో, ఆటస్థలంలోనో, రెండు చోట్లయినా ఉండాలి. ఈ షరతులు చదివితే మనవాళ్ళకు ఒక సంగతి తట్టాలి. 'అయిదేళ్ళప్పుడు ఎలా ఉండేవాడు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల టీచరు ఇప్పుడున్న ఊళ్ళో లేరు. అమ్మ జ్ఞాపకం, పాత రిపోర్టు కార్డులో ఎవరో రాసిన ఒక వాక్యమే సాక్ష్యం. ఆ కార్డులు పాత పేపర్లవాడికి వేసేయకండి.

ఆడపిల్లల్లో ఇది తరచు ఎవరి కంటా పడదు. చాలామంది పరుగులు పెట్టరు, వస్తువులు విరగ్గొట్టరు. కిటికీ పక్కన కూర్చుని ఎక్కడో ఉంటారు. పుస్తకం మరిచిపోతారు, నోటీసు పోగొడతారు, 'మతిమరుపు పిల్ల' అనిపించుకుంటారు.

చికిత్సలో మొదటిది పద్ధతులు మార్చడం. ముందు వరసలో చోటు, పెద్ద పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం, మధ్యలో డస్టరు తెమ్మనో నీళ్ళు తెమ్మనో పంపడం, మంచి చేసిన వెంటనే మెచ్చుకోవడం. తల్లిదండ్రులకు కూడా దీనిలో శిక్షణ ఇస్తారు. బడి ఈడు రాని చిన్నపిల్లలకు ముందుగా ఇదే. ఆరేళ్ళు దాటినవాళ్ళకు అవసరమైతే మందులు కూడా రాస్తారు. మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ అలాంటివి. మత్తుమందు అలవాటు చేస్తారని ఇళ్ళలో భయం ఉంది. వాటి పని మత్తెక్కించడం కాదు, ఆ పగ్గాన్ని కొంచెం బిగించడం. ఆకలి తగ్గడం, నిద్ర చెడడం ఉండవచ్చు కాబట్టి డాక్టరు ఎత్తూ బరువూ చూస్తూ మోతాదు సరిచేస్తారు. మిథైల్‌ఫెనిడేట్ డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని మందు, చిన్న ఊళ్ళలో అన్ని షాపుల్లోనూ దొరకదు. కాబట్టి బదిలీ ఖాయమైన రోజే కొత్త ఊళ్ళో ఏ డాక్టరును చూడాలో విచారించుకోవాలి. సామాను దిగాక వెతుక్కుందామంటే మందు అయిపోతుంది.

మార్పును భరించలేని పిల్లలు

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను గమనించి, ఆటిజం గురించి మొదటి పెద్ద వ్యాసం రాశాడు. మనుషులతో కలవడంలో, మాటను మాటలాగా వాడుకోవడంలో వాళ్ళు వేరుగా ఉన్నారు. అన్నిటికన్నా మనకు పట్టే సంగతి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలన్న పట్టుదల. బల్ల జరిపితే, రోజూ పోయే దారి మారితే తట్టుకోలేరు. అలాంటి పిల్లకు ఇల్లు, బడి, భాష, కిటికీలో కనిపించే చెట్టు ఒక్కరోజులో మారిపోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

దీనికి ముందు నుంచే తయారు చేయవచ్చు. కొత్త క్వార్టరు ఫోటోలు, బడి గేటు ఫోటో వారాల ముందు నుంచి చూపించడం, క్యాలెండరులో రోజులు కొట్టేయించడం, రోజూ తినే కంచం, కప్పుకునే దుప్పటి లారీలో కాక చేతిసంచిలో పెట్టుకోవడం, బడి తెరవకముందే ఖాళీ క్లాసు ఒకసారి చూపించడం. మీ ఇంట్లో అలాంటి తమ్ముడుంటే ఈ పనులు అమ్మానాన్నల కన్నా మీరే బాగా చేయగలరు.

ఆటిజాన్ని మాన్పే మందు లేదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఆటల ద్వారా నేర్పడం ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మేలు. ఒకప్పుడు అమ్మ ప్రేమ చాలకే ఇది వస్తుందని కొందరు పెద్ద డాక్టర్లే రాశారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానే ఒక ఆటిజం పిల్లవాడి తండ్రి, ఆ వాదాన్ని తన పుస్తకంలో ఖండించాడు. టీకాల వల్ల వస్తుందని 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అయినా రెండు మాటలూ ఇంకా రైలు పెట్టెల్లో వినబడుతూనే ఉన్నాయి.

ఇంకో సలహా మన ఇళ్ళకు తరచు వస్తుంది. 'మాట ఆలస్యం కదా, ఇంట్లో తెలుగు మానేసి హిందీయో ఇంగ్లీషో ఒక్కటే మాట్లాడండి' అంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, మాట ఆలస్యమూ ముదరదు అని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. తెలుగు మానేస్తే ఏమవుతుంది? అమ్మకు బాగా రాని భాషలో అమ్మ తక్కువ మాట్లాడుతుంది. జోలపాట, సామెత, అలక తీర్చే మాట, అన్నీ తగ్గిపోతాయి. సెలవులకు ఊరెళ్తే అమ్మమ్మ ఒడిలో కూర్చుని ఆమె మాట అర్థంకాని పిల్లగా మిగులుతుంది. మాటలే తక్కువున్న పిల్లకు మాట్లాడే మనుషులను తగ్గించడం మాకు న్యాయంగా తోచదు. థెరపీ ఏ భాషలో జరిగినా జరగనివ్వండి, ఇంట్లో తెలుగు ఉంచండి.

ఒక ఫైలు

ఎక్కడికి వెళ్ళాలి అంటే, ముందు బడి కౌన్సెలర్, స్పెషల్ ఎడ్యుకేటర్. రైల్వే, సైనిక ఆసుపత్రుల్లో పిల్లల డాక్టరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లల కోసం జిల్లా స్థాయి కేంద్రాలు ఏర్పడ్డాయి. తెలుగు నేల మీద సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, బుద్ధిమాంద్యంతో పాటు ఆటిజం పిల్లలనూ చూస్తుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వెళ్ళవచ్చు. దివ్యాంగులకిచ్చే యు.డి.ఐ.డి. కార్డు దేశమంతా చెల్లుతుంది, రాష్ట్రం మారినప్పుడల్లా కొత్తది అక్కర్లేదు. డిస్లెక్సియా సర్టిఫికెట్టు ఎనిమిదేళ్ళు నిండాకే ఇవ్వాలని, 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ పరీక్ష చేయాలని 2018 నాటి మార్గదర్శకాలు చెప్పాయి. ఆ వయసులు వచ్చేసరికి మీరు ఏ ఊళ్ళో ఉంటారో చూసుకోండి.

అమ్మానాన్నలకు చూపించవలసిన సంగతి ఇంకొకటి. వైకల్యం ఉన్న బిడ్డను చూసుకునే కేంద్ర ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి, పాలనాపరమైన ఇబ్బంది లేనంతవరకు, మినహాయించవచ్చని కేంద్ర సిబ్బంది శాఖ 2014లో ఉత్తర్వు ఇచ్చింది, 2018లో దాన్ని విస్తరించింది. అడిగితే గానీ ఎవరూ చెప్పరు.

ఇక ఫైలు. ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి కొని, పుట్టినప్పటి కాగితాల నుంచి పరీక్షల రిపోర్టులు, డాక్టరు చీటీలు, మందుల మోతాదు, పాత రిపోర్టు కార్డులు తేదీల వరసలో పెట్టండి. ఊరు వదిలే ముందు క్లాసు టీచరును అడిగి ఒక పేజీ రాయించుకోండి. ఏది కష్టం, ఏం చేస్తే పని జరిగింది, ఏం చేస్తే బెడిసింది అని. టి.సి.లో పట్టనిది ఆ పేజీలో పడుతుంది. కొత్త బడిలో మొదటి వారమే దాన్ని క్లాసు టీచరు చేతికివ్వండి. సామానుతో పాటు ప్యాక్ చేయకండి, టికెట్లతో పాటు ఉంచుకోండి.

చివరి కవరులో మీరే, మీ చేత్తోనో ఎవరిచేతనో రాయించో, ఒక కాగితం పెట్టుకోవచ్చు. పెద్దగా అక్కర్లేదు. 'నన్ను హఠాత్తుగా లేపి చదవమనకండి. ఏ పేరా చదవాలో ముందు రోజు చెబితే ఇంట్లో చూసుకుని వచ్చి చదువుతాను. బోర్డు మీద రాసింది ఎక్కించుకోవడానికి నాకు టైము పడుతుంది, పక్కవాళ్ళ నోటుబుక్కు ఒకరోజు ఇప్పించండి. నాకు లెక్కలంటే ఇష్టం.'